గుండీ విప్పేలోగా

ఒడిశాలోని బరంపురంలో మా కుట్టు దుకాణం పెట్టి ముప్ఫై నాలుగేళ్ళయింది. ఏడాది పొడవునా జాకెట్లు, పరికిణీలు, బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాతర వచ్చిందంటే మాత్రం అవన్నీ పక్కకు జరిగి, వేషాల బట్టలు బల్ల మీదికి వస్తాయి. అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు రాముడి వేషమో శివుడి వేషమో కట్టి రాత్రంతా వీధులు తిరుగుతారు. ఆ పని నాకు మా నాన్న నేర్పారు. వేషం బట్ట తయారయ్యాక ఆయన కట్టేవాణ్ణి పిలిపించి, రెండు చేతులూ పైకెత్తమనేవారు, గొంతుక్కూర్చోమనేవారు, నాలుగుసార్లు గెంతమనేవారు. చంకలో కుట్టు పట్టిందా, నడుము జారిందా అని చూసి గానీ డబ్బు తీసుకునేవారు కాదు.

కిందటి జనవరిలో ఫ్లోరిడాకు, టాంపాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఒక ఆదివారం అల్లుడు, "అత్తయ్యగారూ, ఇవాళ మీకు నచ్చే చోటికి తీసుకెళ్తాను. అక్కడ అందరూ వేషాలు కట్టి ఉంటారు" అన్నాడు. టాంపా నుంచి ఉత్తరంగా గంటకు పైగా కారులో వెళ్ళాం. ఊరి పేరు బుష్‌నెల్. పక్కనే డేడ్ యుద్ధభూమి, దానిలో ఒక చిన్న మ్యూజియం. అమెరికా సిపాయిలకూ సెమినోల్ అనే ఆదివాసులకూ మధ్య జరిగిన ఒక పాత పోరును ఏటా జనవరి మొదట్లో అక్కడ మళ్ళీ ఆడి చూపిస్తారు. దాన్ని వాళ్ళు సజీవ చరిత్ర అంటారు. నాటకమే అనుకుని వెళ్ళాను. కానీ అక్కడ రంగస్థలం లేదు, తెర లేదు. పెద్ద పెద్ద ఓక్ చెట్ల నుంచి జడల్లా వేలాడే బూడిదరంగు నాచు, పైన్ చెట్లు, ఈత పొదల్లాంటి పాల్మెట్టో పొదలు, వాటి మధ్య గుడారాలు ఉన్నాయి. గుడారాల దగ్గర మనుషులు 1835లో ఉన్నట్టే వండుకుంటున్నారు, కత్తులు నూరుకుంటున్నారు, బట్టలు కుట్టుకుంటున్నారు.

నా కళ్ళు కుట్టేవాళ్ళ మీదికే పోయాయి. సిపాయి వేషంలో ఉన్న ఒక పెద్దాయన గుడారం ముందు పీట వేసుకుని కూర్చుని కాజా కుడుతున్నాడు. ఒళ్ళో లేత నీలి రంగు ఉన్ని కోటు, భుజాల మీదికి గొడుగులా దిగే మరో పొర. దారాన్ని తేనెమైనం ముద్ద మీద లాగి, ప్రతి కుట్టుకూ ముడి పడేలా బిగిస్తున్నాడు. అమ్మాయి చేత అడిగించి కోటు చేతిలోకి తీసుకున్నాను. మోయలేనంత బరువు. లోపలి వైపు తిప్పి చూస్తే అంచులు మడవలేదు, కత్తిరించింది కత్తిరించినట్టే వదిలేశారు. పొరపాటేమో అనుకుని వేలితో గీకి చూశాను. ఒక్క పోగు కూడా ఊడి రాలేదు. నేశాక తడిపి దట్టించిన ఉన్ని అది, అంచు విడిపోదు. మిషను మీద కుట్టిన కుట్టు కోటంతటిలో ఒక్కటి కూడా లేదు. ఆ కోటు తనే కుట్టుకున్నాడట, ఆరు నెలలు పట్టిందట. నేను సూది అడిగి తీసుకుని ఒక కాజా కుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళజోడు పైకి నెట్టి చూసి, పక్క గుడారంలో వాళ్ళను కేకేసి పిలిచాడు. భాష తెలియకపోయినా ఆ పావుగంట మా ఇద్దరికీ మాటలకు కొదవ లేదు.

తర్వాత ఆయనే నాకు ఆ కోటు తొడిగి, అసలు సంగతి చూపించాడు. సిపాయి తూటాల పెట్టె తోలు పట్టీకి వేలాడుతూ నడుము పక్కన ఉంటుంది. 1835 డిసెంబర్ 28 ఉదయం చలిగా ఉంది, తడిగా ఉంది. మందు తడవకూడదని సిపాయిలు పెట్టె మీదుగా కోటు వేసుకుని గుండీలు పెట్టుకున్నారు. "ఇప్పుడు పెట్టెలోంచి తూటా తీయండి" అన్నాడు. గుండీలు విప్పి, కోటు పక్కకు తోసి, పెట్టె మూత ఎత్తి, కాగితపు తూటా వేళ్ళకు అందేసరికి మా మనవడు పదిహేను దాకా లెక్కపెట్టాడు. నా చేతులు రోజూ గుండీలతో పనిచేసే చేతులు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో, పక్కవాడు కూలిపోతుంటే ఎంత సేపు పట్టి ఉంటుంది?

ఆ రోజు జరిగింది ఇది. మేజర్ ఫ్రాన్సిస్ డేడ్ నూరు మందికి పైగా సిపాయిలతో, ఒక ఫిరంగితో, టాంపా దగ్గరి ఫోర్ట్ బ్రూక్ నుంచి ఇప్పటి ఒకాలా దగ్గర ఉన్న ఫోర్ట్ కింగ్‌కు డిసెంబర్ 23న బయలుదేరాడు. సెమినోల్ ప్రజలను ఫ్లోరిడా నుంచి మిసిసిపీ నది అవతలికి పంపేయాలని అమెరికా ప్రభుత్వం పట్టుబట్టిన రోజులవి. 1830లో అందుకు చట్టం చేశారు, 1832లో కొందరు పెద్దల చేత ఒడంబడిక మీద గుర్తులు వేయించారు. అది మాకు కట్టుబాటు కాదని చాలామంది సెమినోల్‌లు తేల్చి చెప్పారు. తోటల యజమానుల నుంచి తప్పించుకుని వచ్చిన నల్లవాళ్ళు వాళ్ళ దగ్గర తలదాచుకుని, ఊళ్ళు కట్టుకుని ఉండేవాళ్ళు. యజమానుల కోపానికి అదీ ఒక పెద్ద కారణం. ఐదు రోజులు దారి పొడవునా సెమినోల్‌లు ఆ దండును గమనిస్తూనే ఉన్నారు. నదులు దాటే చోట్లు, చిక్కటి అడవులు గడిచిపోయాక, పైన్ చెట్లు పల్చగా ఉన్న చోట డేడ్ తన మనుషులకు ధైర్యం చెప్పాడట. ప్రమాదం దాటిపోయింది, కోట చేరాక మూడు రోజులు సెలవు, క్రిస్మస్ చేసుకుందురు గాని అన్నాడని బతికి బయటపడ్డ సిపాయి రాన్సమ్ క్లార్క్ తర్వాత చెప్పాడు. ముందు కాపలావాళ్ళను దూరంగా పంపలేదు. గడ్డిలో, పాల్మెట్టో పొదల్లో సుమారు 180 మంది పొంచి ఉన్నారు. మికనోపీ, జంపర్, అలిగేటర్ వాళ్ళ నాయకులు. మొదటి గుండుకే డేడ్ గుర్రం మీద నుంచి పడిపోయాడు. ఆ ఒక్క వరసకే దండులో సగం దాకా నేలకూలింది.

నేను చూసినదానిలో ఆ మొదటి పేలుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తుపాకుల్లో గుండ్లు ఉండవు, మందు మాత్రమే. అయినా తెల్లటి పొగ మంచులా లేచి, ఎదుట ఎవరున్నారో కనబడకుండా పోయింది. గంధకం వాసన మన దీపావళి రాత్రి వాసనే. పొగ తేరుకునేసరికి నీలి కోట్లు నేల మీద ఉన్నాయి. ఉదయం నాకు కోటు తొడిగినాయన ఒక చేయి కోటు లోపల ఉండగానే పడిపోయి ఉన్నాడు. అలా పడాలని ఆయన ముందే అనుకున్నాడో లేదో తెలియదు. నేను మాత్రం లేచి నిలబడిపోయాను.

మిగిలినవాళ్ళు పైన్ చెట్లు నరికి మూడు మూలల అడ్డుగోడ పేర్చుకున్నారు. మోకాలి ఎత్తు దాటి ఉంటుందేమో. ఆ దుంగల గోడ లాంటిదే అక్కడ మళ్ళీ పేర్చి ఉంచారు. మధ్యాహ్నానికి దాని వెనక పలికేవాళ్ళు లేకుండా పోయారు. క్లార్క్ ఒంటి నిండా గాయాలతో, నడిచి, పాకి, ఫోర్ట్ బ్రూక్‌కు తిరిగి చేరుకున్నాడు. దండుకు దుబాసీగా వచ్చిన బానిస లూయిస్ పచేకో కూడా బతికాడు. తమ వైపు చనిపోయింది ముగ్గురేనని అలిగేటర్ తర్వాత చెప్పాడు. చనిపోయిన సిపాయిలను పూడ్చడానికి మరో దండు వచ్చేసరికి ఫిబ్రవరి నెల వచ్చింది.

ఆట అయిపోయాక సెమినోల్ వేషంలో ఉన్నవాళ్ళు పొదల్లోంచి లేచి వచ్చి, పడి ఉన్న సిపాయిలకు ఒక్కొక్కరికే చేయి అందించి లేపారు. వాళ్ళ బట్టలు చూడటానికి నేను దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ దాకా దిగే వదులు నూలు చొక్కా, నడుముకు కట్టు, మెడలో చంద్రవంకల్లాంటి వెండి బిళ్ళలు, శాలువా మడిచి చుట్టిన తలపాగా. మందు కొమ్ము, గుండ్ల సంచి పైకి కనబడుతూ వేలాడుతున్నాయి. చేయి వేస్తే చాలు. చేతులెత్తినా, కూర్చున్నా, పొదల్లో పాకినా ఎక్కడా పట్టని బట్ట. మా నాన్న చూస్తే ఒక్క మాట అనకుండా డబ్బు పుచ్చుకునేవారు.

పాత పుస్తకాల్లో ఈ పోరును డేడ్ మారణకాండ అని రాశారు. ఇప్పుడు అక్కడ యుద్ధం అని రాస్తున్నారు. ఆ ఒక్క మాట మార్పు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఏజెన్సీ కొండల్లో వాళ్ళు తిరగబడితే పితూరీ అన్నారు. మా గంజాం జిల్లా ఘుమ్సర్ కొండల్లో జరిగిన తిరుగుబాటును ఒడియాలో మెలి అంటారు. మాట ఏది పడితే ఆ చూపు పడుతుంది.

డేడ్ పోరుతో మొదలైన రెండో సెమినోల్ యుద్ధం ఏడేళ్ళు సాగింది. ఫోర్ట్ కింగ్ దగ్గర అదే డిసెంబర్ 28న ప్రభుత్వ ఏజెంటు వైలీ థాంప్సన్‌ను సెమినోల్ నాయకుడు ఒసియోలా చంపాడు. ఆ ఒసియోలాను 1837 అక్టోబర్‌లో, చర్చలకని తెల్లజెండా ఉన్న చోట, జనరల్ జెసప్ ఆజ్ఞతో పట్టుకున్నారు. సెయింట్ అగస్టీన్‌లో ఆయనను బంధించిన రాతికోటను మరో వారం చూశాం. గంజాం ఊరి దగ్గర 1768లో కట్టిన పోటాగఢ్ గుర్తొచ్చింది. అదీ మూలమూలకూ ముక్కులు పొడుచుకొచ్చిన కోటే. తర్వాత ఆయనను చార్లెస్టన్ దగ్గరి ఫోర్ట్ మౌల్ట్రీకి తరలించారు. 1838 జనవరి 30న అక్కడే చనిపోయాడు. చివరి అరగంట సంగతి వైద్యుడు చెప్పగా రాసి ఉంచారు. అది మా అమ్మాయి నాకు చదివి వినిపించింది. మాట పడిపోయిన మనిషి సైగలతో తన యుద్ధపు బట్టలు తెప్పించుకున్నాడు. మంచం మీద లేచి కూర్చుని చొక్కా తొడుక్కున్నాడు, కాళ్ళకు తొడుగులు, చెప్పులు వేసుకున్నాడు, నడుం కట్టు బిగించుకున్నాడు, సగం ముఖానికి ఎర్రరంగు పూసుకున్నాడు, ఈకలు పెట్టిన తలపాగా సర్దుకున్నాడు. అప్పుడు అందరి చేతులూ పట్టుకుని వీడ్కోలు చెప్పి, వెనక్కి వాలి ప్రాణం వదిలాడు. నేను మంచాన పడ్డవాళ్ళకు బట్టలు మార్చినదాన్ని. ఆ స్థితిలో ఒక చేయి చొక్కాలో దూర్చడానికి ఎంత ఓపిక కావాలో తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1842లో యుద్ధం ఆగేసరికి అమెరికా సైన్యంలో సుమారు 1,500 మంది చనిపోయారు. గుండు తగిలి పోయినవాళ్ళకంటే జ్వరాలతో పోయినవాళ్ళే ఎక్కువ. వేల మంది సెమినోల్‌లను ఓడలెక్కించి పడమటికి పంపారు. 1858లో మూడో యుద్ధం కూడా ముగిశాక ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కొన్ని వందల మంది మిగిలారు. శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టకుండా మిగిలినవాళ్ళు. ఇప్పుడు బిగ్ సైప్రస్‌లో వాళ్ళ సొంత మ్యూజియం ఉంది, పేరు ఆ-తా-తి-కి. నేర్చుకునే చోటు, గుర్తుంచుకునే చోటు అని అర్థమట. తిరుగు ప్రయాణానికి వారం ముందు అక్కడికీ వెళ్ళాం.

అక్కడ ఒక సెమినోల్ ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. రంగురంగుల బట్టను సన్నని పట్టీలుగా చింపి, వాటిని పొడవునా కలిపి కుట్టి, ఆ కుట్టినదాన్ని అడ్డంగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కను కొంచెం కిందికి జరిపి మళ్ళీ కుడుతోంది. చూస్తూ ఉండగానే పట్టీల్లోంచి మెరుపు గీత బయటపడింది. వానకు ఒక నమూనా, నిప్పుకు ఒక నమూనా. బుష్‌నెల్‌లో సెమినోల్ వేషాల మీద ఈ అతుకుల పని ఎందుకు లేదని అడిగించాను. 1835లో ఇది లేదు అంది. చేత్తో తిప్పే మిషన్లు తమ ఆడవాళ్ళ చేతికి వచ్చాక, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పుట్టిన పని అట. యుద్ధం వేషం కట్టేవాడు ఈ చొక్కా వేసుకుంటే తమవాళ్ళు వెంటనే పట్టేస్తారని చెప్పింది. ఇవాళ అందరూ సెమినోల్ గుర్తుగా చెప్పుకునే బట్ట ఆ యుద్ధం అయ్యాక దాదాపు ఎనభై ఏళ్ళకు పుట్టింది. నేను మెరుపు నమూనా గజం కొనుక్కున్నాను. దుకాణంలో మిషను పక్క గోడకు తగిలించాను.

ఇంటికొచ్చాక నా మనసంతా భంజనగర్ మీదికి పోయింది. బరంపురం నుంచి బస్సులో రెండు గంటల దారి. మా అమ్మమ్మ ఆ ఊరిని చివరి దాకా రస్సెల్‌కొండ అనే అంది. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, ఘుమ్సర్ మీదికి వచ్చిన దొర జార్జ్ రస్సెల్ పేరు అది, చివర మన తెలుగు కొండ. పేష్కష్ అనే కప్పం బాకీ పడ్డాడని కంపెనీవాళ్ళు ఘుమ్సర్ రాజు ధనంజయ భంజ మీదికి దండు పంపారు. రాజు కొండల్లో కంధులనే ఆదివాసుల దగ్గరికి వెళ్ళిపోయాడు, అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత తమ నాయకుడు దొర బిసోయి వెంట కంధులు విల్లంబులతో, టాంగి గొడ్డళ్ళతో కంపెనీ దండును ఎదిరించారు. ఆ కొండల్లోనూ సిపాయిలను జ్వరాలు తినేశాయి. దొర బిసోయి పట్టుబడ్డాక ఆయన వారసుడు చక్ర బిసోయి ఇంకా చాలా ఏళ్ళు దొరకకుండా పోరాడాడు. కంపెనీ దండు ఘుమ్సర్‌లోకి దిగిన ఏడు 1835. డేడ్ తన మనుషులకు క్రిస్మస్ సెలవు చెప్పిన ఏడే. ఇన్నాళ్ళూ ఇంత దగ్గర ఉండి, ఆ ఏడు నాకు ఒక అంకెగానే ఉండిపోయింది. ఎవరు ఏమి తొడుక్కున్నారో, ఎవరి చేతికి ఏది అందిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

రెండు నెలల క్రితం ఆ పక్క ఒక బడి నుంచి మాస్టారు వచ్చారు. పిల్లల చేత ఘుమ్సర్ మెలి ఆడిస్తున్నారట. సిపాయిలకు ఎర్రకోట్లు ఎనిమిది కావాలన్నారు. "మరి కంధులకు?" అన్నాను. "వాళ్ళకు కుట్టేదేముందమ్మా, ఆకులూ ఈకలూ మేమే చూసుకుంటాం" అన్నారు. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. మీ తరగతిలో కంధుల పిల్లలు ఎంతమంది ఉన్నారు అని అడిగాను. నలుగురు. ఆ నలుగురి ఎదుట, వాళ్ళ ముత్తాతల ముత్తాతలకు ఆకులు కట్టి నిలబెడతారా? మాస్టారు మంచి మనిషి, కాసేపు మాట్లాడకుండా ఉండి, ఏం చేయమంటారు అన్నారు. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళు ఎలా కట్టమంటే అలా, ఎవరు కడితే వాళ్ళ చేత అన్నాను. వాళ్ళు వద్దంటే మానేయమన్నాను.

కిందటి మంగళవారం ఒక పిల్లవాడి తాత బస్సెక్కి వచ్చాడు. పిల్లవాణ్ణీ తెచ్చుకున్నాడు. పాత దుప్పట్లో చుట్టి ఒక పొడవాటి నేత బట్ట తెచ్చాడు, ముతక నూలు, చివర ఎర్ర అంచు. నేను టేపు పట్టుకుని నిలబడ్డాను గానీ ఆయన దానివైపు చూడలేదు. బట్టను పిల్లవాడి నడుముకు రెండు చుట్లు తిప్పి, కాళ్ళ మధ్య నుంచి తీసి, దోపి, మిగిలిన కొంగు వెనక వదిలాడు. నేను అడిగితే విప్పి మళ్ళీ కట్టి చూపించాడు. మూడోసారి నా చేత కట్టించి, ఎడమ పక్క దోపు సరిదిద్దాడు. అప్పుడు పిల్లవాణ్ణి గొంతుక్కూర్చోమన్నాడు. లేచి రెండు చేతులూ విల్లు లాగినట్టు ఎత్తమన్నాడు. దుకాణం గుమ్మం దాకా పరుగెత్తి రమ్మన్నాడు. బట్ట ఎక్కడా జారలేదు.

బల్ల మీద సిపాయి కోటు ఒకటి తయారై ఉంది. కాజాలు చేత్తో కుట్టాను, బుష్‌నెల్ పెద్దాయన కుట్టినట్టు మైనం పట్టించిన దారంతో. తాత దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఒక గుండీ విప్పబోయాడు. వెంటనే రాలేదు. బొటనవేలితో నెట్టి విప్పి, నావైపు చూసి, బిగువుగా ఉంది కదా అన్నాడు ఒడియాలో. అలాగే ఉండాలి తాతా అన్నాను.

ఇంకా ఐదు కోట్లు మిగిలి ఉన్నాయి. ఆట ఇరవై తారీఖున.